కొన్న వస్తువును తిరిగి యిచ్చుట

పప్పు, ఉప్పు మున్నగునవి మనము దినదినమును కొనుచుందుము. పాత్రలు, పొయ్యిలు, బీరువాలు, మంచములు అట్టివి కావు. కొన్ని మాసములు సొమ్ము కూడబెట్టి వానిని ఒకమారు కొందుము. అట్టి వస్తువు ఇంటికి వచ్చిన పిమ్మట పనికిరానిదని తేలినచో, కూలి చేసికొని బ్రదుకు కుటుంబమునకు అది చిన్న నష్టము కాదు. అయినను మనవారిలో పలువురు దానిని అటుకమీద పెట్టి "మన ప్రాప్తమింతే" యని ఊరకుందురు. మఱికొందఱు అంగడికి పోయి వాదులాడి, పదిమందిలో మాటపడి, వట్టిచేతులతో తిరిగివత్తురు. ఈ రెండు మార్గములును మంచివి కావు. ఏ వస్తువును తిరిగి యిచ్చుటకు మనకు హక్కు గలదు, దేనికి లేదు, ఉన్న హక్కును ఎట్లు నిలుపుకొనవలెను అను సంగతులను ఈ వ్యాసమున వివరింప దలంచితిమి.

మొట్టమొదట ఒక భేదమును గుర్తింపవలెను. వస్తువులో లోపముండుట వేఱు. వస్తువు మనకు కుదరకపోవుట వేఱు. క్రొత్త ప్రెషరు కుక్కరు మూత సరిగా బిగియక ప్రక్కలనుండి ఆవిరి పోవుచుండినచో అది లోపము. కుక్కరు చక్కగా పనిచేయుచున్నను, ఎనమండుగురున్న ఇంటికి మూడు లీటర్లది చాలకుండినచో అది కుదరకపోవుట. బీరువా తలుపు గొళ్లెము పడనిచో లోపము. బీరువా మన ఇంటి గుమ్మములో పట్టనిచో కుదరకపోవుట. మొదటిదానికి వర్తకుడు బాధ్యుడు. రెండవదానికి సాధారణముగా కొన్నవాడే బాధ్యుడు. గుమ్మము కొలత అంగడివానికి తెలియదు గదా! అట్టి వస్తువును అతడు మార్చి యిచ్చినచో అది అతని మర్యాద. ఇయ్యనిచో అన్యాయమని నిందింపరాదు.

ఈ రెంటికిని నడుమ మఱియొక సందర్భము గలదు. దానినే పలువు రెఱుగరు. మన దేశమున వస్తువుల క్రయవిక్రయములకు 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము ఆధారము. అది ఆ సంవత్సరము జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చి నేటికిని అమలునందున్నది. కొన్నవాడే జాగ్రత్త పడవలె ననునది పూర్వమునుండి వచ్చుచున్న సామాన్య సూత్రము. ఈ చట్టపు 16వ సెక్షను ఆ సూత్రమును అంగీకరించుచునే దానికి కొన్ని మినహాయింపులను చెప్పుచున్నది. కొనువాడు తనకు ఆ వస్తువు ఏ పనికి కావలెనో అమ్మువానికి తెలియజేసి, అతని నేర్పును నమ్మి కొన్నచో, ఆ సరకు అమ్ముటయే అతని వ్యాపారమైనచో, ఆ వస్తువు ఆ పనికి తగినదై యుండవలెను. ఈ షరతు నోటితో చెప్పకున్నను, కాగితముపై వ్రాయకున్నను ఉన్నట్లే భావింపబడును.

ఈ నియమము ఆంగ్లదేశపు చట్టమునుండి వచ్చినది. అచ్చట 1903వ సంవత్సరమున తీర్పు చెప్పబడిన ఒక వ్యాజ్యము ప్రసిద్ధమైనది. ఒకడు మందుల అంగడికి పోయి, వేడినీళ్లు పోసి కాపడము పెట్టుకొను రబ్బరు సంచి కావలెనని యడిగెను. మరుగుచున్న నీటికి ఇది ఓర్చునా యని ప్రశ్నింపగా, మరుగునీటికి ఓర్వదుగాని వేడినీటికి ఓర్చునని అంగడివాడు చెప్పెను. కొన్ని దినములకే ఆ సంచి పగిలి, కొన్నవాని భార్యకు ఒడలు కాలెను. వేడినీటి సంచి ఏ పనికో దాని పేరే చెప్పుచున్నది; కొన్నవాడు అమ్మినవాని తెలివిని నమ్మి కొన్నాడు; కావున అమ్మినవాడే బాధ్యుడని న్యాయస్థానము తీర్మానించెను.

ఇప్పుడు మన వంటయింటికి వత్తము. నేడు అనేక గృహములలో ఇండక్షను పొయ్యిలు వాడుకలోనికి వచ్చినవి. ఈ పొయ్యిలో మంట లేదు. గాజుపలక క్రిందనున్న తీగచుట్టలో విద్యుత్తు మిక్కిలి వేగముగా దిశ మార్చుకొనుచు ప్రవహించును. దానివలన పాత్ర అడుగులోనే విద్యుత్ప్రవాహములు పుట్టి ఆ అడుగు వేడెక్కును. అయస్కాంతము అంటుకొను లోహమున్నగాని ఈ పని చక్కగా జరుగదు. అడుగున ఉక్కు పలక లేని ఉత్త అల్యూమినియము కుక్కరు ఎంత మంచిదైనను సాధారణమైన ఇండక్షను పొయ్యిమీద వేడెక్కదు.

ముగ్గురు గృహిణులు అట్టి కుక్కరునే కొన్నారనుకొందము. మొదటి యామె ఏమియు చెప్పక బల్లమీదనున్న దానిని చూపి, వెల యిచ్చి తీసికొనిపోయెను. రెండవ యామె "మా యింట ఇండక్షను పొయ్యి యున్నది, దానికి పనికివచ్చు కుక్కరు ఇయ్యుడు" అని యడుగగా అంగడివాడు దీనిని తీసి యిచ్చెను. మూడవ యామె ఒక కంపెనీ పేరును, రకమును చెప్పి, అదియే కావలెనని పట్టుబట్టి కొన్నది. వస్తువొక్కటే, ముగ్గురకును పనికిరాలేదు. కాని హక్కు రెండవ యామెకే బలముగా నున్నది. మొదటి యామె తన పనిని తెలుపలేదు. మూడవ యామె వర్తకుని నేర్పును నమ్మక కంపెనీ పేరును నమ్మినది. పేరు చెప్పి ప్రత్యేకముగా అడిగి కొన్న వస్తువునకు, ఫలానా పనికి తగినదై యుండవలెనను షరతు వర్తింపదని అదే సెక్షను చెప్పుచున్నది. ఒక్క వాక్యము వలన ఎంత భేదము కలిగెనో చూడుడు! కావున ఏమి కావలెనో చెప్పుటతో తృప్తిపడక, ఎందులకు కావలెనో కూడ చెప్పవలెను. వీలైనచో ఆ మాటను బిల్లుమీద వ్రాయించుకొనుట మఱియు మంచిది.

అంగడిలో వస్తువును చూచుటయు ముఖ్యమే. మన అమ్మమ్మలు కుండను వ్రేలితో కొట్టి మ్రోగించి, ధ్వని బాగుగా నున్నచో కొనెడివారు. బీటవారిన కుండ మ్రోగదు. చట్టమును ఇట్లే చెప్పుచున్నది: కొనువాడు వస్తువును పరీక్షించి యున్నచో, ఆ పరీక్షలో కనబడవలసిన లోపమును పిమ్మట సాకుగా చెప్పరాదు, లోపల దాగియున్న లోపమునకు మాత్రము వర్తకుడే బాధ్యుడు. సొట్టలను, గీతలను, మూత బిగువును అంగడిలోనే చూచుకొనవలెను. ఇండక్షను పొయ్యి గలవారు చిన్న అయస్కాంతమును వెంట తీసికొనిపోయి పాత్ర అడుగున అంటించి చూడవచ్చును. కుక్కరుమీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదో లేదో చూడవలెను. ఇంటివాడుక ప్రెషరు కుక్కరులకు ఈ గుర్తు 2021వ సంవత్సరమునుండి తప్పనిసరి యైనది.

వస్తువు ఇంటికి వచ్చిన పిమ్మట చేయవలసిన పనులు కొన్ని గలవు. మొదటిది, బిల్లును భద్రపఱచుట. రెండవది, పెట్టెను, లోపలి కాగితములను పాఱవేయకుండుట. మూడవది, ఆలసింపక పరీక్షించుట. కుక్కరులో ముందుగా నీళ్లు మాత్రమే పోసి పొయ్యిమీద పెట్టి, విజిలు వచ్చువఱకు చూడవలెను. ప్రారంభమున కొంత ఆవిరి పోవుట సహజము. రబ్బరును సరిగా అమర్చినను ప్రక్కలనుండి ఆవిరి ఆగకుండినచో లోపమున్నదనుకొనవచ్చును. నాలుగవది, మనవారు తఱచుగా మఱచునది: పరీక్ష ముగియువఱకు పాత్రమీద పేరు కొట్టింపరాదు. ఇంటిపేరు చెక్కిన పాత్రను మఱియొకరికి అమ్ముట వర్తకునికి సాధ్యము కాదు. పైగా, అమ్మినవాని సొత్తు కాదన్నట్లు వస్తువుతో వ్యవహరించినను, తగిన కాలము గడచువఱకు ఏమియు తెలుపక ఉంచుకొన్నను, కొన్నవాడు దానిని అంగీకరించినట్లే యని 42వ సెక్షను చెప్పుచున్నది. అంగీకరించిన పిమ్మట ఆ చట్టము క్రింద నష్టపరిహారము అడుగవచ్చునుగాని, వస్తువును త్రోసివేయు హక్కు సామాన్యముగా పోవును.

అంగడికి పోయినప్పుడు మాట నెమ్మదిగా, స్పష్టముగా నుండవలెను. "శెట్టిగారూ, ఇది మొన్న సోమవారము మీవద్ద కొన్న కుక్కరు. ఇదిగో మీ బిల్లు. మా యింట ఇండక్షను పొయ్యి యున్నదని ఆనాడే మీతో చెప్పితిమి. దానిమీద ఇది వేడెక్కుట లేదు. దీనిని మార్చి యిండు, లేనిచో సొమ్ము వాపసు చేయుడు" అని చెప్పినచో చాలును. ఏనాడు కొన్నది, ఏమి చెప్పి కొన్నది, ఏమి జరిగినది, ఏమి కోరుచున్నది, ఈ నాలుగును చెప్పినచో అరచుట అనవసరము. ఇత్తడి, రాగి సామానుల విషయమున ఇంకొక జాగ్రత్త కావలెను. వీనిని తూకమునకు అమ్ముదురు. తిరిగి తెచ్చిన పాత్రను అంగడివాడు పాతసామాను ధరకు కట్టినచో, అది వాపసు కాదు. మన వస్తువును మనమే తక్కువ వెలకు అమ్ముట. లోపమున్న పాత్రకు అట్టి లెక్కను ఒప్పుకొననక్కఱలేదు.

"అమ్మిన సరకు వాపసు తీసికొనబడదు" అను వ్రాత అనేకమైన అంగళ్లలోను బిల్లులమీదను కనబడును. దానిని చూచి వెనుదిరుగ నవసరము లేదు. వినియోగదారుల రక్షణకు మన దేశమున 1986లో ఒక చట్టము పుట్టెను. దాని స్థానమున 2019వ సంవత్సరపు చట్టము వచ్చి, 2020 జూలైలో అమలునకు వచ్చినది. దీని ప్రకారము వర్తకుడు చెప్పిన గుణము వస్తువునందు లేకుండుటయు లోపమే. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో 30 దినములలోపల తిరిగి తీసికొని సొమ్ము ఇయ్య నిరాకరించుట అనుచిత వ్యాపార పద్ధతి యగును. బిల్లు ఇయ్యకుండుటయు అట్టిదే. ఇంటర్నెటులో అమ్మువారికి 2020వ సంవత్సరపు నిబంధనలు వేఱుగా గలవు. ప్రకటించిన గుణములు లేని వస్తువును తిరిగి తీసికొనుటకు వారు నిరాకరింపరాదు.

అంగడివాడు వినకున్నచో, ముందుగా జాబు వ్రాసి దాని నకలు ఉంచుకొనవలెను. జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. అప్పటికిని ఫలము లేనిచో జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. వివాదము పుట్టిన 2 సంవత్సరములలోపల చేయవలెను. ఇచ్చిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేసికొనవచ్చును.

హక్కులను చెప్పినవారము ధర్మమును కూడ చెప్పవలెను. చిన్న వర్తకుడును మనవంటి సంసారియే. విప్పిన పెట్టెను అతడు క్రొత్తదిగా అమ్మలేడు. పెండ్లినాడు వాడుకొని మఱునాడు తోమి తెచ్చి "నచ్చలేదు" అనుట మోసము. మన చేతినుండి జాఱిపడి సొట్టపోయిన దానిని "ఇట్లే వచ్చినది" అనుట అబద్ధము. లోపములేని వస్తువును మార్చి యిచ్చిన వర్తకునికి కృతజ్ఞత తెలిపి, మరల ఆ అంగడికే పోవుట మన విధి. అబద్ధపు వాపసులు పెరిగినకొలదియు, నిజముగా నష్టపోయిన బీదవాని మాటను అంగడివాడు నమ్మకపోవును.

విద్యార్థులారా, మీలో పలువురి యిండ్లలో బిల్లు చదువగలవారు మీరే కావచ్చును. మీ తల్లిదండ్రులు ఏదేని వస్తువు కొనబోవునప్పుడు వెంట వెళ్లుడు. అది ఏ పనికి కావలెనో అంగడివానితో చెప్పుడు. బిల్లు అడిగి తీసికొని, దానిమీది తేదీని, వెలను, గడువును అమ్మకు చదివి వినిపింపుడు. మీ చదువు మీ యింటికి ఉపయోగపడుటకు పరీక్షలు ముగియువఱకు వేచియుండ నక్కఱలేదు. రాబోవు సంతనాడే ప్రారంభింపవచ్చును.