పీపాకి సొట్ట పెడితే సరిగమలు!

రీల్స్‌లో చూసే ఉంటారు. ఎవరో కొండ అంచున కూర్చుని, ఒడిలో రెండు మూకుళ్లు అతికించినట్టున్న ఇనప వాయిద్యం పెట్టుకుని వేళ్లతో తడుతుంటారు. గుడిగంటా వీణా కలిసి మోగినట్టుంటుంది. పేరు హ్యాండ్‌పాన్. చూడ్డానికి గ్రహాంతరవాసుల సామాన్లా ఉంటుంది గానీ, దాని తాత మాత్రం ఖాళీ ఆయిల్ పీపా! రోడ్లు వేసేచోట తారు డ్రమ్ములుంటాయి చూడండి, ఆ సైజువే.

ఆ తాత పేరు స్టీల్‌పాన్. పుట్టిల్లు కరీబియన్‌లోని ట్రినిడాడ్, అంటే మన బ్రయాన్ లారా ఊరు. సరదాకి పుట్టిన వాయిద్యం కాదిది. బానిసత్వం నుంచి బయటపడిన ఆఫ్రికన్ల పండగ ఊరేగింపులంటే బ్రిటిష్ పాలకులకి భయం. 1881లో పోలీసులకీ జనానికీ పెద్ద గొడవే జరిగింది. 1884లో వీధుల్లో డప్పులు మోగించడంపై చట్టం తెచ్చారు. డోలు వద్దన్నారుగా అని జనం వెదురు బొంగులు రకరకాల పొడవుల్లో కోసి నేలకేసి కొట్టారు. 1930ల చివరికి ఆ బొంగుల స్థానంలోకి బిస్కెట్ డబ్బాలు, పెయింట్ డబ్బాలు, చెత్తబుట్టల మూతలు, కార్ల బ్రేక్ డ్రమ్ములు వచ్చేశాయి. వెదురు పగిలిపోతుంది, ఇనుము పగలదు.

అక్కడే అసలు విషయం బయటపడింది. బాదగా బాదగా డబ్బా సొట్టపోతుంది. సొట్ట మారితే శబ్దమూ మారుతోంది! అయితే కావాలనే సొట్టలు పెడితే? రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి కుర్రాళ్లు డబ్బాల మీద చిన్న చిన్న పాటలు పలికించేస్తున్నారు. ట్రినిడాడ్‌లో చమురు తీస్తారు, యుద్ధకాలంలో అమెరికా సైనిక స్థావరాలూ వెలిశాయి. ఖాళీ పీపాలకి కరువేముంది? ఎల్లీ మానెట్ లాంటి కుర్రాళ్లు 55 గ్యాలన్ల పీపా పట్టారు. దాని ముఖాన్ని బయటికి ఉబ్బించకుండా గిన్నెలా లోపలికి దించిన ఘనత మానెట్‌దే అంటారు.

తయారీ చూస్తే చేతులు నొప్పెడతాయి. పీపా మూసి ఉన్న వైపుని సమ్మెటతో గంటలకొద్దీ కొట్టి లోతుగా దించుతారు. రేకు సాగి పల్చబడుతుంది, ఒక్క దెబ్బ ఎక్కువైతే చిరిగిపోతుంది. తర్వాత స్వరాల గళ్లు గీసి, వాటి చుట్టూ గాడి కొట్టి, మంటమీద కాల్చి చల్లారుస్తారు. ఇక శ్రుతి చేయడం. ఒక్కో గడిలో అసలు స్వరంతో పాటు దాని పై స్థాయి కూడా పలకాలి. సుత్తి దెబ్బ వెంట్రుకవాసి తేడా వస్తే పక్క గడి శ్రుతి కూడా తప్పుతుంది.

చిన్న గడికి సన్నని స్వరం, పెద్ద గడికి మంద్రం. అందుకే పాటని మోసే టెనార్ పాన్‌లో ఒక్క పీపా మీదే 28, 29 స్వరాలు పడతాయి. బాస్ సంగతి వేరు. ఒక పీపా మీద మూడు స్వరాలే పడతాయి. కాబట్టి ఒక్క మనిషి ఆరు నిండు పీపాల మధ్య నిలబడి వాయిస్తాడు! కొన్నిట్లో తొమ్మిది. వాయిద్యం మోయడం కాదు, వాయిద్యంలోకి దిగడమే.

ఇంత చేసినా మర్యాద దొరికిందా? లేదు. పాన్ వాయించేవాడంటే రౌడీ అనేవారు. మంచి ఇళ్లలో పిల్లల్ని ఆ ఛాయలకే పోనిచ్చేవాళ్లు కాదు. బ్యాండ్‌లు కొట్టుకున్న మాటా నిజమే. కాసాబ్లాంకా, డెస్పరాడోస్, రెనిగేడ్స్... పేర్లే చెబుతాయి, అంతా సినిమా ప్రభావం. (డప్పు కొట్టే చేతుల్ని మనం ఎలా చూశామో గుర్తొస్తే తప్పు మీది కాదు.) 1951లో 11 మంది వాయిద్యకారుల బృందం లండన్‌లో వాయించి వచ్చాక చూపు మారడం మొదలైంది. 1963లో పనోరమా పోటీలు మొదలయ్యాయి. ఒక్కో పెద్ద బ్యాండ్‌లో వందమందికి పైనే. 1992లో అదే పీపా జాతీయ వాయిద్యమైంది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ని ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా ప్రకటించింది.

మనవాళ్ల వాటా కూడా ఉందిందులో. 1845 నుంచి చెరకు తోటల పనికి భారతీయుల్ని ఓడల్లో అక్కడికి తీసుకెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. భారత సంతతికి చెందిన జిత్ సమరూ, రెనిగేడ్స్‌కి సంగీతం కూర్చి తొమ్మిదిసార్లు పనోరమా గెలిపించాడు. 1995, 96, 97 హ్యాట్రిక్.

మరి రీల్స్‌లో హ్యాండ్‌పాన్? స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో స్టీల్‌పాన్‌లు చేసే వర్క్‌షాప్‌కి ఓ వాద్యకారుడు మన ఘటం పట్టుకెళ్లి, ఇనుముతో ఇలాంటిదే స్వరాలతో చేసివ్వగలరా అని అడిగాడు. 2000 నాటికి 'హాంగ్' పుట్టింది. ఇవాళ్టి హ్యాండ్‌పాన్‌లన్నీ దాని పిల్లలే.

యూట్యూబ్‌లో పనోరమా అని కొట్టి చూడండి. ఇయర్‌ఫోన్స్ మర్చిపోవద్దు. ఆ ఆరు పీపాల బాస్ ఫోన్ స్పీకర్‌కి అందదు.