ఏ నగరమునకు ఏ వాన? – రైతు తెలిసికొనదగిన సంగతులు



కేరళ తీరమును నైరుతి ఋతుపవనము తాకినదను వార్త వినగానే మన పల్లెలలో గొర్రులు, విత్తనపు సంచులు బయటికి వచ్చును. తొలకరి జల్లు పడినదే తడవుగా కొందరు విత్తనము వేయుదురు. తరువాత రెండు వారములు వాన మొగము చాటు చేసినచో మొలక మాడిపోవును. విత్తనము, కూలి, ఎరువు మూడును నష్టమగును. దూరపు ఊరి వానను మన ఊరి వానగా తలచుటయే ఈ నష్టమునకు మూలము.

మన దేశములో సాలుకు సగటున సుమారు 116 సెం.మీ. వాన కురియును. కాని ఆ సగటు ఏ రైతు పొలములోను పడదు. మేఘాలయలోని మాసిన్రామ్‌లో 1,100 సెం.మీ.కు మించి కురియగా, లడఖ్‌లోని లేహ్ పట్టణములో 10 సెం.మీ. ప్రాంతమున మాత్రమే కురియును. ఇంత భేద మెందులకు?

కొండల అడ్డు

అరేబియా సముద్రము నుండి వచ్చు తేమగాలి పడమటి కనుమలను తాకి పైకెక్కును. పైకెక్కిన గాలి చల్లబడి, అందలి ఆవిరి నీరై కురియును. అందుచేత కనుమలకు పడమట నున్న ముంబయిలో సాలుకు 200 సెం.మీ.కు పైగా వాన పడును. కనుమలు దాటిన గాలి తేమ పోగొట్టుకొని, క్రిందికి దిగుచు వేడెక్కును. కనుకనే ముంబయికి సుమారు 150 కి.మీ. దూరములోనున్న పూణేలో 75 సెం.మీ. ప్రాంతమున మాత్రమే కురియును. మన అనంతపురము కూడ ఈ కనుమల చాటున నున్నదే. అక్కడ దొరకునది సుమారు 55 సెం.మీ.

ఎత్తు, సముద్రము

చెన్నై, బెంగుళూరు నగరములు రెండును ఇంచుమించు 13వ అక్షాంశము పైననే యున్నవి. కాని చెన్నై సముద్రపుటొడ్డున, బెంగుళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున కలవు. వేయి మీటర్లు పైకెక్కిన సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గును. మదనపల్లె వంటి మెట్టసీమలో వేసవి యందును టమాటా పండి నగరములకు పోవుటకు ఈ ఎత్తు తోడ్పడుచున్నది.

వాన కాలమందును భేదము కలదు. ముంబయికి జూన్ మొదలు సెప్టెంబరు వరకు ముఖ్యమైన వానలు. చెన్నైకి సాలు మొత్తపు వానలో సగమునకు పైగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము వలన వచ్చును. ఇక ఢిల్లీ సముద్రమునకు దూరము. అందుచే వేసవి ఎండయు, శీతకాలపు చలియు అక్కడ తీవ్రము. ఆ చలియే ఉత్తరాది గోధుమకు అనుకూలము.

మనము చేయవలసినది

ఋతుపవనము సాధారణముగా జూన్ 1 నాటికి కేరళను, జూన్ రెండవ వారములో ముంబయిని, నెలాఖరుకు ఢిల్లీని చేరును. ఒక్కొక్క ఏడు ముందు వెనుకలగును. కాబట్టి నగరపు వార్త విని విత్తకుడు. మీ పొలములోని తడిని చూచి విత్తుడు.

1. వర్షాధారపు పంటలను తేలిక నేలలలో 50 నుండి 60 మి.మీ., బరువైన నల్లరేగడి నేలలలో 60 నుండి 75 మి.మీ. వాన కురిసిన పిమ్మటనే విత్తుడు.

2. ఊరిలో వర్షమాపకము లేనిచో, పొలములో నాలుగు చోట్ల త్రవ్వి తడి ఎంత లోతు దిగినదో చూడుడు. పైపొర మాత్రమే తడిసినచో ఆగుడు.

3. పరప్రాంతపు విత్తనము బాగుగా పండినదని విన్నచో, అక్కడి వానయెంత, చలియెంత, పంటకాలమెంత యని ముందుగా విచారింపుడు. మీ వ్యవసాయాధికారిని సంప్రదింపుడు.

4. 2019లో భారత వాతావరణ శాఖ మొదలగు సంస్థలు వెలువరించిన మేఘదూత్ యాప్ జిల్లాలవారీ సూచనల నిచ్చుటకు ఏర్పడినది. సెల్‌ఫోను గల యువకులు దానిని చూచి ఇరుగుపొరుగు వారికి చెప్పవచ్చును.

విత్తనము మన చేతిలో నున్నంతవరకు అది సొమ్ము. తడిలేని నేలలో పడినచో అది అప్పు. నాలుగు దినములు ఓపిక పట్టి పదునున విత్తుడు.