గ్రాహం గ్రీన్: వెల్డింగ్ పని నుంచి ఆస్కార్ నామినేషన్ దాకా.. ఒక్క మూసలో ఇమడని నటుడు

హాలీవుడ్ సినిమాలు చూసేవాళ్లు ఈయన ముఖాన్ని ఇట్టే గుర్తుపడతారు. పేరు అడిగితే మాత్రం తడుముకుంటారు. పైగా అదే పేరుతో ఓ ఫేమస్ ఇంగ్లిష్ నవలా రచయిత ఉండటంతో కన్ఫ్యూజన్ ఇంకాస్త ఎక్కువ! ఆయనే కెనడా నటుడు గ్రాహం గ్రీన్. 2025 సెప్టెంబర్ 1న 73 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఒంటారియోలో ఆదివాసీల కోసం కేటాయించిన సిక్స్ నేషన్స్ రిజర్వ్‌లో 1952లో పుట్టారు. ఒనైడా తెగ. నటనలోకి రాకముందు వెల్డర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశారు. రాక్ బ్యాండ్లకు సౌండ్ కూడా చూసుకున్నారు. 1970ల్లో టొరంటో నాటకరంగంలో అడుగుపెట్టారు.

అసలు చిక్కు ఇక్కడే. మనోళ్లు ఇప్పటికీ 'రెడ్ ఇండియన్స్' అనేస్తుంటారు కదా.. ఆ మూలవాసులకు హాలీవుడ్ ఇచ్చిన పాత్రలేంటి? గుర్రమెక్కడం, కేకలు వేయడం, హీరో తూటాకి పడిపోవడం. 1990లో వచ్చిన 'డాన్సెస్ విత్ వోల్వ్స్'లో గ్రీన్ చేసిన కికింగ్ బర్డ్ అలాంటోడు కాదు. ఆలోచిస్తాడు, అనుమానిస్తాడు, భార్య మాటకు తలొగ్గుతాడు. డైలాగులు చాలావరకు లకోటా భాషలో. అది ఆయన మాతృభాష కానే కాదు, సినిమా కోసం నేర్చుకున్నారు. ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అవార్డు మాత్రం 'గుడ్‌ఫెల్లాస్' నటుడు జో పెసీకి వెళ్లింది.

ఆ తర్వాత కూడా ఆదివాసీ పాత్రలు వరుసకట్టాయి. 'ది గ్రీన్ మైల్'లో ఎలక్ట్రిక్ చైర్ ఎక్కే ఖైదీ, 'విండ్ రివర్'లో పోలీస్ చీఫ్, 'ట్విలైట్: న్యూ మూన్'లో హ్యారీ.. కానీ 1995 నాటి 'డై హార్డ్ విత్ ఎ వెంజెన్స్'లో ఆయన న్యూయార్క్ డిటెక్టివ్, అంతే! తెగ ప్రస్తావనతో పనిలేని పాత్ర.

ఇంకా పెద్ద ముందడుగు పడింది మాత్రం స్టేజీ మీదే. 2007లో కెనడాలోని ప్రతిష్ఠాత్మక స్ట్రాట్‌ఫర్డ్ ఫెస్టివల్‌లో షేక్‌స్పియర్ షైలాక్‌గా నటించారు. యూదు వడ్డీ వ్యాపారి పాత్రలో ఓ ఒనైడా నటుడు! అదే సీజన్‌లో 'ఆఫ్ మైస్ అండ్ మెన్'లో అమాయకుడు లెన్నీ కూడా ఆయనే.

ఆయన సినిమాలు కొత్తగా చూడాలనుకుంటే 1992 నాటి 'థండర్‌హార్ట్'తో మొదలుపెట్టండి. అందులో ఎఫ్‌బీఐ ఏజెంట్‌ని ఆటపట్టించే ఆదివాసీ పోలీస్ ఈయనే.. వాల్ కిల్మర్ హీరో అయినా సీన్ మొత్తం గ్రీన్ లాగేసుకుంటారు.