లివర్‌పూల్ రోడ్ రైల్వే స్టేషను (మాంచెస్టరు)

లివర్‌పూల్ రోడ్ రైల్వే స్టేషను ఇంగ్లాండు దేశంలోని మాంచెస్టరు నగరంలో ఉన్న ఒక పూర్వపు రైల్వే స్టేషను. 1830 సెప్టెంబరు 15న ప్రారంభమైన లివర్‌పూల్ - మాంచెస్టరు రైలుమార్గానికి ఇది తూర్పు కొన. రైలుమార్గపు చివరి స్టేషనుగా కట్టిన భవనాలలో ప్రపంచంలో నేటికీ నిలిచి ఉన్నవాటిలో ఇదే అత్యంత పురాతనమైనది. చరిత్ర గ్రంథాలు దీనిని ఎక్కువగా ప్రయాణికుల స్టేషనుగానే ప్రస్తావిస్తాయి. కాని ప్రయాణికులు ఇక్కడ రైలెక్కినది 14 సంవత్సరాల లోపే. సరుకుల స్టేషనుగా మాత్రం ఇది 1975 వరకు, అనగా సుమారు 145 సంవత్సరాలు పనిచేసింది. ఇంత పాత కట్టడాలు కూల్చివేతకు గురికాకుండా మిగలడానికి ఆ గూడ్సు జీవితమే ముఖ్య కారణం.

నేపథ్యం

19వ శతాబ్ది ఆరంభానికి మాంచెస్టరు నూలు మిల్లులకు, వస్త్ర వ్యాపారానికి ప్రసిద్ధి పొందింది. మిల్లులకు కావలసిన పత్తిలో అధికభాగం అమెరికా దక్షిణ రాష్ట్రాలలో బానిసల చేత పండించబడి, ఓడలలో లివర్‌పూల్ రేవుకు చేరేది. అక్కడినుండి మాంచెస్టరుకు బ్రిడ్జ్‌వాటర్ కాలువ ద్వారాను, మెర్సీ - ఇర్వెల్ నదుల జలమార్గం ద్వారాను పడవలలో వచ్చేది. ఈ మిల్లుల వస్త్రాలు తరువాతి దశాబ్దాలలో భారతదేశపు అంగళ్ళను ముంచెత్తి ఆంధ్ర ప్రాంతపు చేనేతవారి బ్రతుకును కూడా దెబ్బతీశాయి.

పడవల ఆలస్యాన్ని, జలమార్గాల యజమానులు వసూలుచేసే కిరాయిని సహించలేక రెండు నగరాల వర్తకులు రైలుమార్గాన్ని తలపెట్టారు. అందుకు సంబంధించిన బిల్లును పార్లమెంటు 1825లో తిరస్కరించి, 1826లో ఆమోదించింది. సుమారు 50 కిలోమీటర్ల ఈ మార్గ నిర్మాణానికి జార్జి స్టీఫెన్‌సన్ ప్రధాన ఇంజనీరు. అంటే పుట్టుకలోనే ఇది ముందుగా సరుకుల కోసం తలపెట్టిన మార్గం. ప్రయాణికులు అనుకున్నదానికంటె ఎక్కువగా రావడం తరువాత తెలిసివచ్చిన విషయం.

ప్రారంభోత్సవం

ప్రారంభ దినాన మార్గమధ్యంలో పార్క్‌సైడ్ వద్ద పార్లమెంటు సభ్యుడు విలియం హస్కిసన్ రాకెట్ అనే ఇంజను కిందపడి తీవ్రంగా గాయపడి, ఆ రాత్రి మరణించాడు. ప్రధానమంత్రి వెల్లింగ్టన్ డ్యూక్ ఆలస్యంగా మాంచెస్టరు చేరుకున్నాడు. 1819లో ఆ నగరంలోనే జరిగిన పీటర్లూ మారణకాండను మరచిపోని జనం ఆయనకు వ్యతిరేకంగా కేకలు వేశారు. ఆయన రైలు దిగనే లేదు. మిగిలిన అతిథులకు భోజన ఏర్పాట్లు చేసినది స్టేషను భవనంలో కాదు, ఎదురుగా కొత్తగా కట్టిన సరుకుల గిడ్డంగి పై అంతస్తులో.

1830 నాటి గిడ్డంగి

ఈ గిడ్డంగి నిర్మాణం 1830 వసంతంలో మొదలై అయిదు నెలల లోపే పూర్తయింది. కట్టినవాడు స్థానిక కలప వర్తకుడు, గుత్తేదారు అయిన డేవిడ్ బెల్‌హౌస్. రైల్వే గిడ్డంగి అనే కట్టడం ఎలా ఉండాలో అప్పటికి ఎవరికీ తెలియదు. అందుచేత సమీపంలోని కాసిల్‌ఫీల్డ్ కాలువ ఒడ్డున ఉన్న గిడ్డంగుల పద్ధతినే అనుసరించారు. గోడలు ఇటుకవి, లోపలి స్తంభాలు, దూలాలు ఎక్కువగా కలపవి.

ఇర్వెల్ నదిని రాతి వంతెన మీదుగా దాటి వచ్చే పట్టాలు ఇక్కడ కమానుల కట్టపై, వీధికంటె ఒక అంతస్తు ఎత్తున ఉంటాయి. రైలు పెట్టెలను విడదీసి, గుండ్రంగా తిరిగే చిన్న వేదికలపై ఒక్కొక్కటిగా మళ్ళించి, ఆ ఎత్తులోనే ద్వారాల గుండా నేరుగా గిడ్డంగిలోకి తోసేవారు. గుర్రపు బండ్లు మాత్రం వీధివైపు నుండి కింది అంతస్తుకు వచ్చేవి. కప్పీల సాయంతో బేళ్ళను పైకి ఎత్తి నిల్వచేయడం, కిందికి దించి బండ్లకు ఎక్కించడం రెండూ ఒకే కప్పు కింద జరిగేవి. మొదట మనుషులు లాగిన ఈ కప్పీలను కొద్దికాలానికే ఆవిరియంత్రంతో నడిపించారు.

ప్రయాణికుల భవనంలోనూ ఎత్తు తేడా ఇదే. మొదటి తరగతివారికి, రెండవ తరగతివారికి వేరువేరు ద్వారాలు, వేరువేరు మెట్లు ఉండేవి. మొదటి తరగతి ద్వారంపై ఒక నీడగడియారం ఉంది. దేశమంతటికీ ఒకే కాలమానం ఇంకా ఏర్పడని రోజులవి.

గూడ్సు స్టేషనుగా

1830 డిసెంబరు 4న ప్లానెట్ అనే ఇంజను లివర్‌పూల్ నుండి తొలి సరుకుల బండిని తెచ్చింది. 18 పెట్టెలలో 135 పత్తి బేళ్ళు, 200 పీపాల పిండి, కొన్ని బస్తాల ఓట్సు పిండి, మాల్టు వచ్చాయి. ప్రయాణానికి పట్టినది మూడు గంటల లోపే.

ఈ స్టేషను ఊరి అంచున మార్గం ఆగిపోయే చోట ఉంది. లీడ్స్ వైపు మార్గంతో దీనికి కలయిక లేదు. ఆ లోటు తీర్చడానికి మార్గాన్ని హంట్స్ బ్యాంకు వద్ద కొత్తగా కట్టిన విక్టోరియా స్టేషను వరకు పొడిగించారు. 1844 మే నెలలో ప్రయాణికుల బండ్లన్నీ అక్కడికి తరలిపోయాయి. లివర్‌పూల్ రోడ్ పూర్తిగా సరుకులకే మిగిలింది.

ప్రయాణికులు వెళ్ళిపోవడం దీనికి మేలే చేసింది. పెద్ద నగరాలలో ప్రయాణికుల స్టేషన్లను రద్దీ పెరిగినకొద్దీ కూల్చి, విశాలంగా తిరిగి కట్టారు. గూడ్సు యార్డులో ఉన్న పాత భవనాన్ని మార్చవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. అయితే సరుకులకు మళ్ళిన ప్రతి స్టేషనూ మిగిలిందని అనుకోరాదు. ఇదే మార్గపు రెండవ కొన అయిన లివర్‌పూల్ క్రౌన్ స్ట్రీట్ స్టేషను కూడా 1836లో ప్రయాణికులను కోల్పోయి సరుకుల యార్డుగా మారింది. దాని భవనాలు మాత్రం దక్కలేదు.

మాంచెస్టరులో 1831లో అదనంగా కట్టిన పత్తి గిడ్డంగులు 1866లో అగ్నిప్రమాదంలో నాశనమయ్యాయి. 1855లో సరుకులు మార్చే షెడ్డు, 1880లో లోయర్ బైరమ్ వీధిలో భారీ గిడ్డంగి వచ్చాయి. యాజమాన్యం 1846లో లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేకు, 1923లో లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వేకు, 1948లో జాతీయం చేయబడిన బ్రిటిష్ రైల్వేకు మారింది. లారీల పోటీ వలన, వస్త్ర పరిశ్రమ క్షీణత వలన సరుకు తగ్గి 1975లో స్టేషను మూతపడింది.

పరిరక్షణ, వివాదం

మూతపడిన యార్డు ఏమవుతుందో అన్న ఆందోళనతో స్థానిక చరిత్ర ప్రియులు ఉద్యమించారు. 1978లో బ్రిటిష్ రైల్వే ఈ భవనాలను గ్రేటర్ మాంచెస్టర్ కౌన్సిలుకు నామమాత్రంగా ఒక పౌనుకు అమ్మింది. మరమ్మతుల అనంతరం, మార్గం ప్రారంభమైన తేదీనే, 1983 సెప్టెంబరు 15న ఇక్కడ మ్యూజియం తెరిచారు. ఇప్పటి పేరు సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం. స్టేషను భవనానికి, 1830 నాటి గిడ్డంగికి వారసత్వ కట్టడాల జాబితాలో అత్యున్నతమైన మొదటి శ్రేణి హోదా ఉంది.

ఆ హోదా అన్నిటినీ కాపాడలేదు. విక్టోరియా స్టేషనును నగరపు దక్షిణ స్టేషన్లతో కలపడానికి తలపెట్టిన ఆర్డ్‌సాల్ కార్డ్ అనే కొత్త మార్గం పాత కట్ట పక్కనుండే వెళ్ళింది. దాని కోసం పాత కట్టడాలలో కొంత భాగం తొలగించవలసి వచ్చింది. వేరే దారిన వేయవచ్చునని ఒక ప్రముఖ ఇంజనీరు కోర్టుకు వెళ్ళినా ఫలితం లేకపోయింది. 2017 డిసెంబరులో కొత్త మార్గంపై బండ్లు నడవడం మొదలైంది. దానితో తొలి స్టేషనుకు ప్రధాన రైలుమార్గంతో ఉన్న సంబంధం తెగిపోయింది. 1844లో ఈ స్టేషను నుండి ప్రయాణికులను తరలించిన కారణం, 2017లో దాని పట్టాలను తెంచిన కారణం ఒకటే: నగరంలోని మార్గాలను ఒకదానితో ఒకటి కలపడం. ఇర్వెల్ నదిపై స్టీఫెన్‌సన్ కట్టించిన రాతి వంతెన మాత్రం కొత్త వంతెన పక్కనే నిలిచి ఉంది.