చదరంగం మారితే మతి పోయినట్టా?

"డాక్టరు గారూ! నాకు మతి పోతోందండీ. దాచకుండా చెప్పండి, ఇది ఆ మతిమరుపు జబ్బేనా?"

కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే ఆయన అడిగిన ప్రశ్న ఇది. విజయవాడ వన్ టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసిన మనిషి. వయస్సు 64. కొట్టు ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. అయినా కాళేశ్వరరావు మార్కెట్లో కందిపప్పు ఏ రోజు ఏ ధర పలికిందో ఇప్పటికీ కాగితం చూడకుండా చెబుతాడు. అలాంటి మనిషికి మతి పోవడమేమిటి?

ఆయన బాధంతా చదరంగంతో వచ్చింది.

బ్రాహ్మణ వీధి పక్క సందులో ఒక ఇంటి అరుగు మీద దాదాపు నలభై ఏళ్ళపాటు రోజూ సాయంత్రం చదరంగం ఆడిన నలుగురు మిత్రుల్లో ఈయన ఒకడు. ఆ నలుగురిలో ఇద్దరు పోయారు. మూడో ఆయన కొడుకు దగ్గరకు హైదరాబాదు వెళ్ళిపోయాడు. అరుగు కూడా లేదు, అక్కడ అపార్టుమెంటు లేచింది. ఇక మిగిలింది ఇంట్లో పదేళ్ళ మనవడు. 2024 డిసెంబరులో మన కోనేరు హంపి న్యూయార్కులో ప్రపంచ మహిళల రాపిడ్ చదరంగం రెండోసారి గెలిచినప్పుడు, విజయవాడలో ఎంతోమంది పిల్లల్లాగే వాడూ చదరంగం క్లాసులో చేరాడు. ఒకరోజు బల్ల పట్టుకొచ్చి "రా తాతయ్యా, ఆడదాం" అన్నాడు.

తాతగారు ఉత్సాహంగానే కూర్చున్నాడు. రెండో ఎత్తుకే తగువు వచ్చింది. "బంటు రెండు గళ్ళు ఎలా దూకుతుందిరా?" అని తాత. "మొదటిసారి దూకొచ్చు తాతయ్యా" అని మనవడు. కాసేపటికి రాజు ఇరకాటంలో పడ్డాడు. తాతగారు నలభై ఏళ్ళ అలవాటుతో రాజును గుర్రంలా ఒక్క దూకు దూకించాడు. "అది తప్పు, వెనక్కి పెట్టు" అన్నాడు మనవడు. వరసగా అయిదు ఆటలు ఓడిపోయాడు. ఆరో ఆటలో శకటును బంటు అనుకుని జరిపాడు. కోపం వచ్చి బల్ల తోసేశాడు. ఆ తరువాత రాత్రుళ్ళు నిద్ర లేదు. "అన్నీ కలగాపులగం అవుతున్నాయి, తల దిమ్ముగా వుంటోంది" అని మనిషి గది విడిచి రావడం మానేశాడు. వాళ్ళావిడ బలవంతం చేసి నా దగ్గరకు తీసుకొచ్చింది.

ఇది నవ్వుకునే సంగతి కాదు. ఇలా "నా బుర్ర పనికిరాదు" అనుకుని నలుగురిలోకి రావడం మానేసిన పెద్దవాళ్ళు ఎందరో వున్నారు.

రెండూ చదరంగాలే, కానీ ఒకటి కాదు

చదరంగం మన దేశంలో పుట్టిన యుద్ధం ఆట. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగాల సేన చతురంగం. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగం ఆడి కొప్పోలు గ్రామం సంపాదించాడని బొడ్డుచెర్ల తిమ్మన కవి గురించి చెబుతారు. ఈ ఆట పర్షియా, అరబ్బు దేశాల మీదుగా యూరప్ వెళ్ళి, అక్కడ వేషం మార్చుకుంది. బంటు మొదట రెండు గళ్ళు దూకడం, రాజుకు ఒకే ఎత్తులో కోట కట్టడం అక్కడ చేరినవే. మన వైపు అరుగుల మీద ఆడిన దేశవాళీ ఆటలో, వూరికో తేడా వున్నా, బంటుది ఎప్పుడూ ఒక్క గడే. కోట లేదు. దానికి బదులు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. బల్ల అదే, 64 గళ్ళు అవే, పావులు అవే. చిక్కంతా అక్కడే వుంది!

పూర్తిగా కొత్త విద్య నేర్చుకునేటప్పుడు బుర్ర ఖాళీ పలక మీద రాసుకుంటుంది. సగం పాతది, సగం కొత్తది అయితే మాత్రం పాతది ముందుకు తోసుకొస్తుంది. కుడివైపు స్టీరింగు వున్న మన కారు తోలినవాడు అమెరికా వెళ్ళి ఎడమవైపు కూర్చుంటే, సిగ్నల్ వేయబోయి వైపర్ వేస్తాడు. వాడికి మతి పోయిందని అంటామా? అలవాటు ఎంత బలంగా వుంటే పొరపాటు అంత గట్టిగా వస్తుంది. 2008లో ఇంగ్లాండులో కొందరు పరిశోధకులు మంచి చదరంగం ఆటగాళ్ళ కంటి కదలికలను యంత్రంతో గమనించారు. తెలిసిన ఎత్తు ఒకటి తోచాక, "ఇంకా మంచి ఎత్తు వెతుకుతున్నాం" అని వాళ్ళు నమ్మకంగా చెబుతున్నా, వాళ్ళ కళ్ళు మాత్రం ఆ పాత ఎత్తుకు సంబంధించిన గళ్ళ మీదకే పోతున్నాయట! కాబట్టి మా పప్పుల వ్యాపారి తడబాటు ముసలితనం కాదు, నలభై ఏళ్ళ అనుభవం.

ఇంతకంటే పెద్ద ఆటగాడికీ ఈ మార్పు తప్పలేదు. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ చిన్నప్పటినుంచీ దేశవాళీ చదరంగమే ఆడాడు. పెద్దయ్యాక ఒక జమీందారు ప్రాపకంలో యూరప్ పద్ధతి నేర్చుకుని, 1929లో ఇంగ్లాండు వెళ్ళి అదే ఏడాది బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. 1932, 1933లలో మళ్ళీ గెలిచాడు. మహామహుడైన కాపబ్లాంకాను సైతం ఓడించాడు. అయినా ఆట ఆరంభపు ఎత్తుల్లో తడబడేవాడనే పేరు ఆయనకు వుండనే వుంది. ఆట మధ్యలోనూ చివర్లోనూ సరిదిద్దుకునేవాడు. అక్కడ ఆయన గొంతు నొప్పులతో, మలేరియా జ్వరాలతో బాధపడుతూ మెడకు గుడ్డ చుట్టుకుని ఆడేవాడు. ఆటగాడికీ శరీరం వుంటుందన్న సంగతి మనం తరచు మరచిపోతాం.

నేను చూసింది ఏమిటి?

ఆయన్ను నేను కొన్ని ప్రశ్నలు అడిగాను. తేదీ, వారం, వూరు తడుముకోకుండా చెప్పాడు. వందలోంచి ఏడు చొప్పున తీసివేయమంటే నాకంటే వేగంగా తీసేశాడు. ఇరవై ఏళ్ళనాటి ఒక ఆటను ఎత్తు ఎత్తుగా వివరించబోతే నేనే ఆపాను. జ్ఞాపకశక్తికి లోటేమీ లేదు.

రక్తపోటు మాత్రం 170/100 వుంది! దిగులులో పడి రెండు నెలలుగా బిళ్ళలు మానేశాడట. ఇక కళ్ళు చూస్తే, కుడి కంట్లో శుక్లం బాగా ముదిరింది. ఎడమ కంట్లో మొదలైంది. అరుగు మీది పాత కొయ్య పావులు పెద్దవి, ఆయన వేళ్ళకు అలవాటైనవి. మనవడి పావులు చిన్న ప్లాస్టిక్‌వి. ట్యూబులైటు వెలుతురులో శకటు తలకూ బంటు తలకూ తేడా ఆయనకు కనబడదు. బుర్ర చేసిన తప్పు అనుకున్నవాటిలో కొన్ని కంటి తప్పులు. పెద్దవాళ్ళ "మతిమరుపు" అనగానే బుర్ర వైపే చూడకండి. కన్ను, చెవి ముందు చూడండి. వినికిడి తగ్గడం, సరిచేయించని చూపు, ఒంటరితనం, అదుపులో లేని రక్తపోటు ఇవన్నీ ముందు ముందు నిజమైన మతిమరుపు జబ్బుకు దారితీయవచ్చునని 2024లో లాన్సెట్ పత్రిక నిపుణుల సంఘం కూడా చెప్పింది.

కొంతమందిలో బి12 విటమిను లోపం వల్ల, థైరాయిడ్ మందగించడం వల్ల, నిద్రమాత్రల వల్ల, దిగులు వల్ల కూడా మరపు వస్తుంది. మాంసం, చేప, గుడ్డు ముట్టక, పాలు కూడా అంతగా తాగనివారూ, చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారూ బి12 రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇవన్నీ నయమయ్యేవే.

మరి నిజంగా భయపడాల్సింది ఎప్పుడు? కొత్త ఆట రాకపోతే కాదు. తెలిసిన పని పోతే! శివాలయం వీధి నుంచి రోజూ నడిచే దారిలో ఇంటికి రావడం తెలియకపోతే, ఎన్నో ఏళ్ళుగా రాసిన చిట్టా లెక్క కుదరకపోతే, అడిగిందే పది నిమిషాలకోసారి అడుగుతుంటే డాక్టరుకు చూపించండి. హఠాత్తుగా మాట ముద్దయినా, మూతి వంకర పోయినా, చెయ్యి పట్టు తప్పినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు రేపు అనకండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల లోపలే పనిచేస్తుంది.

ఆట మార్చుకోవాలంటే

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇలా ఆట మారుస్తుంటే ఒక చిన్న ఉపాయం చెబుతాను. కొత్త ఆటకు బల్ల వేరుగా, పావులు వేరుగా, వీలయితే కూర్చునే చోటు కూడా వేరుగా వుంచండి. చోటును బట్టి కూడా బుర్ర అలవాట్లను తలుచుకుంటుంది. మొదటి మూడు నాలుగు వారాలు పాత ఆట జోలికి పోకూడదు. మొత్తం పావులతో కాకుండా రాజు, రెండు మూడు బంట్లతో మొదలుపెడితే పాత ఎత్తులు అడ్డురావు. ఎత్తు వేసేముందు "బంటు, రెండు గళ్ళు" అని పైకి అనమనండి. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. రోజుకు అరగంట చాలు. ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం కంటే రోజూ అరగంట, ఆపైన రాత్రి మంచి నిద్ర ఎక్కువ పనిచేస్తాయి. నేర్చుకున్నది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. ఫోనులో అర్ధరాత్రి దాకా మూడు నిమిషాల ఆటలు ఆడేవాళ్ళకు నేర్చుకోవడమూ లేదు, నిద్రా లేదు.

రంగులు వేసిన బుల్లి సైనికులను బల్ల మీద నిలబెట్టి యుద్ధం ఆడే కుర్రవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ఒక ఆటలో ఒకరి సేన అంతా కదిలాక గాని రెండోవారి వంతు రాదు. ఇంకో ఆటలో ఒక్కో దళం వంతులవారీగా కదులుతుంది. ఒకటి వదిలి రెండోదానికి మారినవాడు నెల రోజులు తికమకపడతాడు. పాతికేళ్ళవాడు దాన్ని తికమక అంటాడు, అరవై ఏళ్ళవాడు జబ్బు అంటాడు, అంతే తేడా.

ఆట ధ్యాసలో మరచిపోయే సంగతులు కొన్ని వున్నాయి. చక్కెర జబ్బుకు మందు వేసుకుని, "ఈ ఆట అయ్యాక తింటా" అని భోజనం వాయిదా వేయడం చాలా ప్రమాదం. ఒళ్ళు చెమటలు పట్టి, చేతులు వణికి, ఎత్తులు తప్పుతుంటే అది ఓటమి కంగారు కాదు, రక్తంలో చక్కెర పడిపోవడం. వెంటనే పంచదార నీళ్ళు తాగించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపోండి. మూత్రం బిగబట్టి కూర్చోకండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. మా బెజవాడ ఎండల్లో మంచినీళ్ళ చెంబు బల్ల పక్కనే వుండాలి. జర్దా కిళ్ళీ బుగ్గన లేనిదే ఎత్తు తోచదనేవాళ్ళకు చెప్పేది ఒక్కటే. నోటి కాన్సరుకు ఎత్తు బాగా తోస్తుంది.

చదరంగం ఆడితే మతిమరుపు రాదా అని చాలామంది అడుగుతారు. న్యూయార్కులో 75 ఏళ్ళు దాటిన 469 మందిని సుమారు ఐదేళ్ళు గమనించి 2003లో ఒక నివేదిక ప్రచురించారు. చదివేవారికి, బల్ల మీది ఆటలు ఆడేవారికి, వాయిద్యం వాయించేవారికి, నాట్యం చేసేవారికి ఆ జబ్బు తక్కువగా వచ్చింది. అయితే ఆట వల్ల జబ్బు రాలేదో, బుర్ర బాగున్నవాళ్ళే ఆడగలిగారో అంత తేలిగ్గా తేలదు. మందులాగా ఆడమని నేను చెప్పను. ఎదురుగా మరో మనిషి కూర్చుని వుంటాడు కదా, అందుకు ఆడమంటాను.

మా పెద్దాయన బిళ్ళలు మళ్ళీ మొదలుపెట్టాడు. శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాడు. మనవడు పెద్ద పావుల సెట్టు కొనిపించాడు. మూడు నెలల తరువాత వచ్చినప్పుడు రక్తపోటు 136/84 వుంది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగాడు:

"డాక్టరు గారూ, ఆదివారం హైదరాబాదు నుంచి మా వాడు వస్తున్నాడు. మా పాత ఆట ఒకటి వేసుకోవచ్చా?"

"తప్పకుండా వేసుకోండి. మనవడి బల్ల మీద మాత్రం కాదు. ఆట మధ్యలో కంటి చుక్కలు మరచిపోకండి" అన్నాను.