పది రీడ్లలో పలికేవెన్ని?

విశాఖ కూర్మన్నపాలెం కూడలిలో పెళ్లి ఊరేగింపు ఆగిందంటే గాజువాక బస్సులూ ఆగాల్సిందే. మొన్న మాఘమాసంలో ఓ రాత్రి అలా ఇరుక్కుపోయి నిలబడి ఉండగా బ్యాండులో క్లారినెట్టు ఒక్కసారిగా కీచుమంది. వాయించేది మా వీధి కుర్రాడే. గబుక్కున పక్కకు తప్పుకుని, మౌత్‌పీసు మీది మరలు వదులు చేసి రీడు లాగేశాడు. చొక్కా జేబులోంచి ఇంకోటి తీసి, నోట్లో తడుపుకుని, బిగించుకుని మళ్లీ గుంపులో కలిశాడు.

మర్నాడు కనబడితే అడిగాను.

"అదే ఆఖరిది మాస్టారూ. లూజుగా రెండేసి కొంటుంటాను. డబ్బా అంటే పది రీడ్లకీ ఒకేసారి డబ్బు పెట్టాలి. తీరా చూస్తే అందులో సగం పనికిరావు."

"సగం పనికిరావు కాబట్టే డబ్బా కొనాలి" అన్నాను. వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడు.

రీడంటే గడ్డి ముక్క. మొక్క పేరు అరండో డోనాక్స్, మన కొల్లేటి కిక్కిసకు చుట్టమే. ఫ్రాన్సు దక్షిణాన వార్ ప్రాంతంలో పండే గడకు పెద్ద పేరు. రెండేళ్లు పెరిగాక చలికాలంలో నరికి, ఎండబెట్టి, నిల్వ చేసి, చీల్చి, యంత్రంతో చెక్కుతారు. కొస దగ్గర మందం మిల్లీమీటరులో పదో వంతు, అంటే మనం రాసుకునే తెల్ల కాగితమంత. 440 హెర్ట్జ్ స్వరం పలికేటప్పుడు ఆ కొస సెకనుకు 440 సార్లు కొట్టుకుంటుంది. ఆ అదురు రెండు అంచుల్లోనూ ఒకేలా ఉండాలి. ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు అయితే ఊరేగింపులో విన్న ఆ కీచే.

డబ్బా మీద రెండున్నర, మూడు అని అంకె ఉంటుంది కదా, అది నాణ్యత గుర్తని చాలామంది పొరబడతారు. అది మందం కూడా కాదు. ఒక రకం రీడ్లన్నిటినీ ఒకే కొలతకు చెక్కి, కొసను నొక్కి, ఎంత వంగిందో చూసి అంకె వేస్తారు. అది చెప్పేది బిరుసు ఒక్కటే. ఒకే అంకె పడ్డ రెండు రీడ్ల లోపలి అల్లిక వేరువేరుగా ఉండొచ్చు. 1998లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ శాస్త్రజ్ఞులు రీడ్లను సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. గడలో నీరు నడిచే నాళాల చుట్టూ నారల వలయం ఉంటుంది. బాగా పలికే రీడ్లలో తెగకుండా చుట్టుకున్న వలయాలు ఎక్కువగా కనిపించాయి.

మన స్టీల్‌ప్లాంటులో కరిగిన ఉక్కు నమూనా పరీక్షలో ఏదైనా తక్కువైందని తేలితే, పోత పోయకముందే కలిపి సరిచేస్తారు. గడ్డికి ఆ వీలు లేదు. పొలంలో ఎలా పెరిగిందో అలాగే వస్తుంది. మనకు మిగిలేది ఏరుకోవడమే.

మూడింట ఒకటి మంచిదనుకుందాం. ఇది లెక్క కోసం నేను అనుకున్న అంకె, మీ అనుభవం వేరు కావచ్చు. ఒక్కటి కొంటే దెబ్బతినే అవకాశం 67 శాతం. రెండు కొంటే రెండూ పోయే అవకాశం 44 శాతం. మా కుర్రాడి బతుకు అదీ. పది కొంటే ఒక్కటీ పనికిరాకుండా పోయే అవకాశం 2 శాతం లోపే. పైగా మంచివి మూడు నాలుగు చేతికొస్తే రోజుకొకటి చొప్పున మార్చి వాయించుకోవచ్చు. తడిసిన రీడు నిదానంగా ఆరుతుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది.

విశాఖ సముద్రపు గాలి సంగతి ఇంకోటి. తేమకు గడ ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, అలా వంకర పోతుంది. అందుకే కొన్ని కంపెనీలు ఒక్కో రీడునూ విడిగా సంచిలో మూసి అమ్ముతాయి. గాజు జాడీలో గాలికి వదిలేసిన లూజు రీడు ఎన్నాళ్లుగా ఉందో, ఎన్ని చేతులు మారిందో! కొనేముందు దాని చదును వైపును అద్దం మీద పెట్టి వేలితో అదిమి చూడండి. ఊగిందంటే తిరిగి ఇచ్చెయ్యండి.

లూజుగా కొనడమే మేలయ్యే సందర్భం ఒకటుంది. మీ మౌత్‌పీసుకు ఏ అంకె నప్పుతుందో తెలియనప్పుడు అంకెకొకటి కొని చూడాలి. అంకె తప్పితే పదికి పదీ దండగే. ఒక కంపెనీ మూడు ఇంకో కంపెనీకి మూడు కాదు కూడా.

నాదస్వరం వాయించేవాళ్లు ఈ లెక్కలేవీ వెయ్యరు. వాద్యానికి పీకల, అంటే వాళ్ల రీడ్ల, గుత్తే వేలాడుతుంటుంది. దాంతోపాటు పీక రంధ్రం సరిచేసుకునే సూదీ ఉంటుంది.

ఇదంతా విన్న మా కుర్రాడు తోటి వాయిద్యగాళ్లిద్దరినీ పోగుచేసి, ముగ్గురూ కలిసి డబ్బా తెచ్చారు. ముందు ఎవరు ఏరుకోవాలన్న దగ్గర పేచీ వచ్చింది. వాయించి చూడకుండా చీట్లు వేసి తలా మూడు పంచుకున్నారట. అంటే మళ్లీ లూజుగా కొన్నట్టే. మిగిలిన పదోది ఎవరిదన్న తగువు ఇంకా తెగలేదు.