జామీను నిలబడేదెవరు?

బెయిలు ఉత్తర్వు వచ్చినంత మాత్రాన ముద్దాయి జైలు దాటి రాలేడు. కోర్టు చెప్పిన మొత్తానికి సొంత పూచీకత్తు రాసివ్వాలి. చాలా కేసుల్లో అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదార్లను కూడా చూపించాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కోర్టుల దగ్గర షూరిటీలనేది వీళ్లనే. అప్పటికప్పుడు వాళ్లు పైసా కట్టనక్కర్లేదు. ముద్దాయి వాయిదాలకు రాకుండా పారిపోతే మాత్రం ఆ సొమ్ముకు వాళ్లదే పూచీ.

అమెరికాలో చాలాచోట్ల సొమ్ము ముందే కట్టాలి. అందుకే అక్కడ బెయిలుకు చందాలు పోగవుతాయి. 2020 ఆగస్టులో కెనోషాలో ఇద్దరిని కాల్చి చంపిన కేసులో కైల్ రిటెన్‌హౌస్ 20 లక్షల డాలర్ల బెయిలు మీద బయటికొచ్చింది దాతల సొమ్ముతోనే. మరుసటి ఏడాది అతను నిర్దోషిగా తేలాక ఆ డబ్బు ఎవరికి చెందాలన్న తగాదా మొదలైంది.

ఇక్కడ దాత ఎంత పోగుచేసినా అలా విడిపించలేడు. జామీనుకు బదులు నగదు జమ చేయడానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 490వ సెక్షన్ వీలు కల్పిస్తుంది గానీ, అందుకు కోర్టు ఒప్పుకోవాలి. భీమా కోరేగావ్ కేసులో కవి వరవరరావుకు 2021 ఫిబ్రవరి 22న బొంబాయి హైకోర్టు ఆరోగ్య కారణాలపై బెయిలిస్తూ 50 వేల రూపాయల పూచీకత్తు, ఇద్దరు జామీనుదార్లను అడిగింది. తర్వాత తాత్కాలికంగా నగదు కట్టడానికి అనుమతించాకే, మార్చి 6న ఆయన విడుదలయ్యారు.

మామూలు కేసుల్లో షూరిటీలు వేసే రోజు పొద్దున్నే పని మొదలవుతుంది. పట్టాదారు పాస్‌పుస్తకమో, ఇంటి పన్ను రసీదో, జీతం సర్టిఫికెట్టో వెతకాలి. ఆధార్, ఫొటోలు, అఫిడవిట్ సిద్ధం చేసుకోవాలి. జడ్జి ముందు నిలబడ్డాక ముద్దాయి ఏమవుతాడో, ఇప్పటికే ఎంతమందికి జామీను ఉన్నారో చెప్పాలి. ఏమీ కాని మనిషి కోసం తన పొలం కాగితం తెచ్చిపెట్టేవాళ్లు తక్కువ. ఆ లోటు చూసుకునే కిరాయి షూరిటీలు, దొంగ పాస్‌పుస్తకాలు పుట్టుకొచ్చాయి. పట్టుబడితే అదో కొత్త కేసు.

వివాదాస్పద కేసుల్లో ఈ బరువు ఇంకా పెరుగుతుంది. 2023 ఆగస్టు 4న అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడి పర్యటనలో మదనపల్లె దగ్గరి అంగళ్లులో, తర్వాత పుంగనూరులో ఘర్షణలు జరిగాయి. పుంగనూరులో పోలీసులు గాయపడ్డారు, వాళ్ల వాహనాలు తగలబడ్డాయి. తెలుగుదేశం నాయకులు, కార్యకర్తల మీద హత్యాయత్నం సహా పలు కేసులు నమోదయ్యాయి. కక్షతో పెట్టిన కేసులని ఆ పార్టీ, పథకం ప్రకారం చేసిన దాడులని నాటి అధికారపక్షం వాదించాయి. అంగళ్లు కేసులో చంద్రబాబుకు అక్టోబరు 13న హైకోర్టు ముందస్తు బెయిలిచ్చింది. ఇలాంటి కేసుల్లో వకీలు ఫీజును పార్టీయో దాతలో భరించగలరు. జామీనుగా కోర్టులో నిలబడాల్సింది మాత్రం ఆస్తి చూపించగల మనిషే. ఒకే ముద్దాయి మీద నాలుగైదు కేసులుంటే ప్రతి కేసుకూ షూరిటీలను వెతకడం కుటుంబాలకు తలకు మించిన పని. గిరీష్ గాంధీ అనే ముద్దాయికి 13 కేసుల్లో బెయిలు దొరికినా అన్నింటికీ షూరిటీలు దొరకలేదు. ఒక రాష్ట్రంలోని కేసులన్నిటికీ అదే జామీనుదార్లు సరిపోతారని 2024 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. ఎంతో అవసరమైన తీర్పు ఇది.

మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం ప్రాంతం వాళ్లకు మరో చిక్కుంది. కోలారులోనో కృష్ణగిరిలోనో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న షూరిటీ ఎక్కడ దొరుకుతాడు? 1978లో మోతీరాం అనే మేస్త్రీ కేసులో కింది కోర్టు 10 వేల జామీను అడిగి, ఆస్తి వేరే జిల్లాలో ఉందని అతని అన్నదమ్ముడి షూరిటీని తోసిపుచ్చింది. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని గట్టిగా తప్పుబట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద విడిచిపెట్టమన్నారు.

పేరున్న ముద్దాయికి ఎవరో ఒకరు వస్తారు. ఆదుకోవాల్సింది ఎవరూ రాని కూలివాణ్ణి. 2023లో కేంద్రం తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకం కింద జిల్లా కమిటీ విచారణ ఖైదీ బెయిలుకు సాయం ఇవ్వవచ్చు; 2023లో దాని పరిమితి 40 వేల రూపాయలు. అవినీతి, మాదకద్రవ్యాలు, మనీలాండరింగ్, ఉగ్రవాద కేసులకు ఇది వర్తించదు. బెయిలు వచ్చి 7 రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని, నెలలోగా పూచీకత్తులు సమర్పించలేకపోతే కోర్టు తనంత తానే షరతుల సడలింపును పరిశీలించవచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. ఖైదీ ఇంటివాళ్లు దగ్గరి కోర్టులోని మండల న్యాయసేవాధికార కమిటీని అడిగితే ఈ సాయానికో సడలింపుకో దరఖాస్తు పెట్టడానికి ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది.